కాపడం గుడ్డ

కత్తి మేస్త్రీ అంటే ఆ వీధిలో భయపడేవాళ్లెవరూ లేరు. ఆయన చేతిలో కత్తి ఎప్పుడూ చూడలేదు కూడా. ఉన్నదల్లా బొగ్గుల ఇస్త్రీ పెట్టె. కొత్తవాడు ఎత్తితే భుజం ఊడి వచ్చేంత బరువు దానిది. ఆ పెట్టెతో ఆయన ప్యాంటుకు తీసిన మడత మీద వేలు రాస్తే తెగుతుందని ఎవరో అన్నారు, ఆ మాటే ఆయనకు పేరై కూర్చుంది. అసలు పేరు ఆసుపత్రి చీటీ మీద ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు.

ఆయన భార్యను వీధంతా పెద్దమ్మ అనేది. కడుపు పండని మనిషికి ఆ పిలుపు మొదట్లో గుచ్చుకునేది, తర్వాత మొద్దుబారిపోయింది. ముందు గదిలో దుకాణం, మధ్యలో ఒక కర్టెన్, వెనక గదిలో కాపురం. కర్టెన్‌కు అటూ ఇటూ వేడి మాత్రం ఒక్కటే. చలికాలంలో జనం చొక్కాలు ఇచ్చే వంకతో వచ్చి ఆ గుమ్మంలో కాసేపు నిలబడి పోయేవాళ్లు. ఆ మొగుడూ పెళ్లాలకు మాత్రం అది వేడని తెలియదు. చేపకు నీళ్లెంతో వాళ్లకు అదంతే.

పెళ్లైన కొత్తలో ఒకసారి మేస్త్రీకి కుడిభుజం పట్టేసింది. పని అయ్యాక పెట్టెలో బొగ్గులు ఇంకా కణకణలాడుతుంటే, ఆమె పాత దుప్పటి ముక్క ఒకటి నాలుగు మడతలు వేసి, దాని మీద పెట్టె ఆనించి, ఆ వేడి గుడ్డ తెచ్చి భుజం మీద పరిచింది. ఆయన కళ్లు మూసుకుని "అబ్బా" అన్నాడు. అంతే. ఆనాటి నుంచి పొద్దువాలి ఆఖరి చొక్కా మడత పడ్డాక కాపడం. ఆయన అడిగింది లేదు, ఆమె పెట్టనా అన్నదీ లేదు. పోట్లాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా ఆమె గుడ్డ తెచ్చి భుజం మీద విసురుగా వేసేది, ఆయన మూతి ముడుచుకునే భుజం ఇచ్చేవాడు. గుడ్డలు చాలా చిరిగాయి, చాలా మారాయి. పని మాత్రం మారలేదు.

అందుకే నొప్పి ఎముకలోకి దిగిందని తెలియడానికి అంత ఆలస్యమైంది. భుజం నొప్పే కదా అని కాపడం పెట్టింది. వీపంతా పాకింది అంటే గుడ్డ పెద్దది చేసింది. చివరికి ఆయన ఇస్త్రీ పెట్టె ఎత్తబోయి అలాగే కూలబడితే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. వాళ్లు ఫొటోలు తీసి, మాటలు నములుతూ, ఇది ముదిరిపోయిందమ్మా, ఇంక తగ్గించడం కాదు, నొప్పి లేకుండా చూసుకోవడమే అన్నారు.

నొప్పి లేకుండా చూసేందుకు ఆ ఆసుపత్రిలో ఒక మూల గది ఉంది, అందులో ఒక నర్సమ్మ ఉంది. మంచి మనిషి, పని రాక్షసి. మొదట మాత్రలిచ్చింది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇది మెల్లమెల్లగా కరిగే మాత్ర పెద్దమ్మా, నమలకూడదు, విరవకూడదు, నూరకూడదు, మింగడమే అని చెప్పింది. పెద్దమ్మ అలాగే మింగించింది. మందు వేళ ఒక్కసారీ తప్పలేదు. మేస్త్రీ మళ్లీ మంచం మీద లేచి కూర్చుని, కర్టెన్ పక్కకు తీయించుకుని, ఆమె చేసే ఇస్త్రీకి వంకలు పెట్టసాగాడు.

"ఆ కాలరేంటే, కుక్క నమిలినట్టుంది."

"నమిలితే నమిలింది. వేసుకునేవాడు నీలాగా అద్దంలో వీపు చూసుకుంటాడా?"

ఆ రోజులు బాగానే నడిచాయి. తర్వాత గొంతు మొరాయించింది. నీళ్లు దిగడమే కష్టమైతే మాత్రేం దిగుతుంది? పెద్దమ్మ నూరి తేనెలో నాకిద్దామనుకుని, ఎందుకైనా మంచిదని ముందు వెళ్లి అడిగింది. నర్సమ్మ కుర్చీలోంచి లేచినంత పని చేసింది.

"ఇంకా నయం, అడిగారు! రోజంతా కొంచెం కొంచెంగా దిగాల్సిన మందు అది. నూరితే మొత్తం ఒక్కసారే ఒంట్లో పడుతుంది. మనిషి నిద్రలోనే ఊపిరి మరిచిపోతాడు."

అలా మాత్రలు పోయి పట్టీ వచ్చింది.

పట్టీ అతికించే రోజు మేస్త్రీ చెల్లెలు కూడా ఆసుపత్రికి వచ్చింది. అన్నకు బాగోలేదని వచ్చి నెలలుగా వాళ్లింట్లోనే ఉంటోంది. నోరు పెద్దది, చెయ్యి కూడా సాయమే. నర్సమ్మ కవరు చించి, అగ్గిపెట్టెంత పల్చటి ముక్క బయటికి తీస్తే ఆమె బుగ్గ నొక్కుకుంది.

"ఇదేనా మందు? నా మడమకు చెప్పు కరిస్తే వేసుకున్న ప్లాస్టరు ఇంతకన్నా పెద్దది నర్సమ్మా."

"చూడ్డానికే చిన్నది. మీరు గానీ అతికించుకుంటే ఇక్కడే పడిపోతారు" అంది నర్సమ్మ. "మూడు రోజులు చర్మంలోంచి కొంచెం కొంచెంగా దిగుతుంది. తీసేశాక జిగురు లోపలికి వచ్చేలా మడిచి మాకు తెచ్చివ్వాలి, పారెయ్యకూడదు. వాడేసినదాంట్లోనూ మందుంటుంది. కత్తిరించకూడదు. ఇంకో సంగతి, దీనికి వేడి తగలకూడదు. వేడినీళ్ల సంచీ, కరెంటు దుప్పటి, ఎండలో పడుకోబెట్టడం, ఏదీ వద్దు. వేడి తగిలితే మందు గబగబా దిగుతుంది. మరీ మత్తుగా ఉన్నా, ఊపిరి తేడాగా ఉన్నా ముందు పట్టీ పీకేసి ఇక్కడికి తీసుకొచ్చెయ్యండి. అర్థమైందా పెద్దమ్మా?"

"వేడినీళ్ల సంచీలు అవీ మా ఇంట్లో లేవమ్మా" అంది పెద్దమ్మ.

అది అబద్ధం కాదు. ఆ ఇంట్లో అలాంటివేమీ లేవు. కాపడం ఆమెకు గుర్తే రాలేదు. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కుంటారా అని అడిగితే ఎవరైనా ఆలోచించి చెబుతారా? నర్సమ్మ కూడా మీదేం పని అని అడగలేదు. బయట బల్ల మీద ఇంకా బోలెడుమంది కూర్చుని ఉన్నారు.

పట్టీ వీపు మీద, మెడకు కాస్త దిగువన అతికించారు. చేతికి అందదు కాబట్టి ఆయన గోకి ఊడబెరకలేడని. ఒక పూట గడిచాక నొప్పి వెనక్కి తగ్గింది. కాపడం మాత్రం ఆ వారం పడనే లేదు. బడులు తెరిచే రోజులు, వీధిలో పిల్లల బట్టలన్నీ దుకాణంలోనే గుట్టపడి ఉన్నాయి. ప్రతి చొక్కా జేబుకూ బడి గుర్తు అతికించాలి. ఈ కాలపు గుర్తులకు సూదీ దారం అక్కర్లేదు. వెనక జిగురుంటుంది, పైన గుడ్డ కప్పి పెట్టెతో అదిమితే చచ్చినా ఊడదు. పెద్దమ్మ ఆ రోజు పొద్దుటి నుంచి అవే అతికిస్తూ ఉంది, తెల్లవి, నీలంవి, నక్షత్రం ఉన్నవి.

మధ్యాహ్నం మేస్త్రీ వీపు తుడవబోతే పట్టీ అంచు చెమటకు లేచి ఉంది. ఒక మూల చిన్న చెవిలా పైకి వచ్చింది. ఆమె వేలితో అదిమింది, మళ్లీ లేచింది. ఇంకోసారి అదిమింది, మళ్లీ లేచింది. ఆ అంచులోంచి మందంతా గాలికి పోతుందేమో అనిపించింది ఆమెకు. అటు ముందు గదిలో పెట్టె వేడిగా ఉంది. పొద్దుటి నుంచి చేతులు చేస్తున్న పని ఒకటే, లేచిన అంచు మీద వేడి పెట్టి అదమడం.

దుప్పటి ముక్క నాలుగు మడతలైంది. దాని మీద పెట్టె ఆనింది. గుడ్డ వెళ్లి ఆయన వీపు మీద పడింది, ఆమె అరచెయ్యి దాని మీద పడింది.

"అబ్బా" అన్నాడు మేస్త్రీ. "ఎన్నాళ్లైందే."

ఆ ఒక్క మాటకు పెద్దమ్మకు కళ్లు చెమర్చాయి. గుడ్డ తీసి చూసింది. మూల చక్కగా అతుక్కుంది. కనీసం అక్కడితోనైనా ఆగాల్సింది. తలుపు దగ్గర చెవులు రిక్కించి కూర్చున్న ఆడపడుచు లోపలికి తొంగి చూసింది.

"మా అన్న మొహం చూడు వదినా, ఎంత తేటగా ఉందో. ఇంకోటి పెట్టు. ఆ గుడ్డ చల్లారింది."

"పెట్టెయ్ పెట్టెయ్" అన్నాడాయన పక్కకు ఒత్తిగిలి.

ఇంకోటి పెట్టింది. అది చల్లారకముందే ఇంకోటి. మేస్త్రీ మాట ముద్దగా మారింది, తర్వాత మాటే లేదు, తర్వాత హాయిగా గురక. ఆడవాళ్లిద్దరూ ముందు గదిలోకి వచ్చి గుసగుసగా మాట్లాడుకున్నారు. ఆడపడుచు తన అన్న పెళ్లినాడు పందిట్లో పెట్టిన గురక గురించి చెబితే పెద్దమ్మ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నో నెలలైంది. ఆ తర్వాత పెద్దమ్మ మరిచిపోలేకపోయింది ఆ నవ్వునే.

సాయంత్రం ఎదురింటి వ్యాను డ్రైవరు తన బట్టల కోసం వచ్చాడు. డబ్బులు తీస్తూ చెయ్యి ఆపి, కర్టెన్ వైపు చూశాడు.

"మేస్త్రీ గారు గురకలో కూడా కొత్త మడత వేస్తున్నారే. ఏంటది, కొళాయిలో నీళ్లు ఆగి ఆగి వస్తున్నట్టు?"

పెద్దమ్మ చెవి పెట్టింది. గురక వచ్చింది. ఆగింది. ఆమె ఒక కాలరు మడిచి, చొక్కా తిప్పి, రెండో చెయ్యి మడిచినా తర్వాతి గురక రాలేదు. పెట్టె అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తింది. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. రెప్ప ఎత్తి చూస్తే నల్లగుడ్డు సూదిమొనంత అయిపోయి ఉంది. కొట్టింది, పిలిచింది, ఛాతీ మీద పిడికిలితో రుద్దింది. ఎక్కడో బావి అడుగునుంచి "ఊఁ" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. నర్సమ్మ చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా, ఒక్కటీ పొల్లుపోకుండా. పట్టీ పట్టుకుని పీకింది. అది అంత తేలిగ్గా రాలేదు. బాగా అతుక్కుంది మరి.

ముందు గదిలో పెట్టె కింద ఎవరి పిల్లాడి చొక్కానో కాలి పొగ వచ్చింది. డ్రైవరు పెట్టె తీసి పక్కన పెట్టి, మేస్త్రీని చాపలో చుట్టినట్టు చుట్టి వ్యానులో వేశాడు.

ఆసుపత్రిలో సూది వేశారు. ఆ మందును పట్టి వెనక్కి లాగే సూదట. వేసిన కాసేపటికే మేస్త్రీ నీళ్లలోంచి పైకి తేలినవాడిలా గుక్క తిప్పుకుని కళ్లు తెరిచాడు. పెద్దమ్మ మంచం ఇనప కమ్మిని రెండు చేతులా పట్టుకుంది. ఆయన ఆమెను చూశాడు. ఆ చూపు ఒక్క క్షణం పాత చూపే. తర్వాత నొప్పి వచ్చింది. వారాల తరబడి మందు అడ్డుపడి ఆపిన నొప్పంతా తలుపు బద్దలు కొట్టుకుని వచ్చింది. ఆయన కేకకు వార్డంతా లేచి కూర్చుంది.

"ఎందుకు లేపావే! ఎందుకు లేపావే నన్ను! హాయిగా పోతున్నవాణ్ణి... నీకేం ద్రోహం చేశానే!"

ఓర్చుకోండి, చర్మంలో ఉన్న మందు ఇంకా దిగుతూనే ఉంటుంది, ఈ సూది బలం తగ్గాక మళ్లీ మత్తు రావచ్చు, రేపటిదాకా కనిపెట్టి చూడాలి, ఇప్పుడే ఇంకేమీ ఇవ్వలేం అన్నాడు కుర్ర డాక్టరు. అని, పెద్దమ్మ వైపు తిరిగాడు.

"వీపు ఎర్రగా కమిలి ఉంది. వేడి ఎవరు పెట్టారు?"

పెద్దమ్మ నోరు తెరిచేలోగా ఆడపడుచు అందుకుంది. "నేను వద్దంటూనే ఉన్నాను డాక్టరు గారూ. నర్సమ్మ చెప్పింది కదా వదినా అంటూనే ఉన్నాను. వింటేనా!"

పెద్దమ్మ ఆడపడుచు మొహంలోకి చూసింది. ఆమె జడ ముందుకు వేసుకుని చివర ముడి సరిచేసుకుంటోంది. నిజం చెప్పడానికి పెద్దమ్మకు ఒక్క మాట చాలు. కానీ మేస్త్రీని మంచం మీద పక్కకు తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇంట్లో రెండో మనిషి ఈమే.

"నేనే పెట్టాను బాబూ" అంది.

మర్నాడు మూల గది నర్సమ్మ వచ్చి, సంగతి విని, మొహం మాడ్చుకుంది. "అంత చెప్పాను కదా పెద్దమ్మా" అంది. ఆ తర్వాత ఇస్త్రీ దుకాణం మాట విని, చీటీ తీసి దాని మీద అది కూడా రాసుకుంది. పట్టీ మళ్లీ మొదలుపెట్టారు, కాస్త చిన్నది. అంచు లేస్తే పైన వేసే పల్చటి టేపు ఈసారి చుట్టకు చుట్ట ఇచ్చారు. అది మొదటే ఇచ్చి ఉంటే, అనుకుంది పెద్దమ్మ. పైకి అనలేదు. అనే హక్కు తనది కాదనిపించింది.

ఇంటికి వచ్చేసరికి మాట వాళ్లకన్నా ముందే వీధిలోకి చేరిపోయింది. పెద్దమ్మ మొగుణ్ణి ఇస్త్రీ చేసిందట. ఎవరు ముందన్నారో గానీ, అన్నవాడు తెలివైనవాడే. కొళాయి దగ్గర నవ్వారు, టీ కొట్టు దగ్గర నవ్వారు. చొక్కాలు ఇచ్చేవాళ్లు మాత్రం ఇస్తూనే ఉన్నారు, కాలిపోయిన చొక్కా పిల్లాడి తల్లి తప్ప. ఆమె కొత్త చొక్కా కొనిపించుకుని మరీ మానేసింది. ఆడపడుచు చొక్కాలు లెక్కపెట్టుకుంటూ వీధివాళ్లను తిట్టిపోసేది. వదినను అంటే తన అన్నను అన్నట్టే అనేది. అంటూ అంటూ పెద్దమ్మ కళ్లలోకి మాత్రం చూసేది కాదు.

నర్సమ్మ ఇంటికి వచ్చి చూసి, మంచాన్ని పెట్టె ఉండే గోడ పక్కనుంచి తీయించి అవతలి గోడకు, కిటికీ కింద వేయించింది. కాపడం ఊసే వద్దంది. జ్వరం వచ్చినా కబురు చెయ్యాలంది, ఒంటి వేడి కూడా వేడేనట. నొప్పి ఆగకపోతే చెప్పండి, పెంచాల్సింది మేము, చూసి పెంచుతాం, మీరు మాత్రం ఏదీ కలపొద్దు అంది. మేస్త్రీ అన్నీ విన్నాడు. ఒక్కటీ మరిచిపోలేదు.

నొప్పి ఉండేది. మునుపటిలా కాదు, కానీ ఉండేది. పెద్దమ్మ కబురు పెట్టింది, వాళ్లు వచ్చి చూసి కాస్త పెంచారు. అయినా మేస్త్రీకి కావాల్సింది ఆ పట్టీ ఇచ్చేది కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆ మధ్యాహ్నం ఆయన ఎక్కడికో పోయి వచ్చాడు. అక్కడ నొప్పి లేదు. దారి ఆయనకు తెలిసింది. ఆ దారి తన భార్య చేతిలోని గుడ్డ మీదుగా పోతుంది.

ఒకనాడు పొద్దువాలే వేళ, కర్టెన్ ఆ పక్కనుంచి పిలిచాడు.

"ఒసేయ్. కాపడం పెట్టు."

ఆమె చేతిలో పెట్టె ఆగింది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన తనంతట తాను అడగడం అదే మొదలు.

"నర్సమ్మ వద్దంది కదయ్యా."

"నర్సమ్మ మొగుడికి పెట్టమన్నానా? నాకు పెట్టమన్నాను."

"వద్దు."

"పట్టీ వైపు వద్దులే. ఈ పక్కకి పెట్టు." గొంతు మెత్తగా ఉంది. బేరమాడే గొంతు. ఆయనకు బేరమాడటం ఎప్పుడూ చేతకాదు. "కొంచెం. ఆ రోజు పెట్టావే, అలాగ."

ఆ రోజులాగ. ఆమె పెట్టె మళ్లీ చొక్కా మీదికి తోసింది.

ఆనాటి నుంచి రోజూ అదే. ఒకరోజు బతిమాలాడు. ఒకరోజు తిట్టాడు. ఒకరోజు చెల్లెల్ని పిలిచి అడిగాడు. ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుని వెనక్కి వెనక్కి నడిచి వీధిలోకి పోయింది. ఇంకోరోజు కర్టెన్ తీయించుకుని, గుట్టలు గుట్టలుగా చొక్కాల మీద ఆమె పెట్టె నడిపిస్తుంటే చూస్తూ పడుకున్నాడు.

"వ్యాను డ్రైవరు చొక్కాకు పెడతావు. ఆఫీసోళ్ల లాగులకు పెడతావు. వీధిలో ప్రతి వెధవ గుడ్డకూ పెడతావు వేడి. నేనే కానివాణ్ణయ్యానే నీకు?"

పెద్దమ్మ చొక్కా బోర్లించి వీపు భాగం పరిచింది. చాకలి గుర్తు చూస్తున్నట్టు వంగి, అలాగే ఉండిపోయింది. చొక్కా మీద రెండు చుక్కలు పడ్డాయి. పెట్టె వాటి మీదికి వెళితే చుయ్యిమన్నాయి.

ఆ సాయంత్రం ఆఖరి చొక్కా మడత పడింది. ఆడపడుచు సరుకులకు వెళ్లింది. పెట్టెలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. పెద్దమ్మ ఏమీ అనుకోలేదు. చేతులే వెళ్లి గూట్లోంచి దుప్పటి ముక్క తీశాయి, నాలుగు మడతలు వేశాయి, దాని మీద పెట్టె ఆనించాయి. గుడ్డ రెండు చేతుల్లో పట్టుకుని కర్టెన్ దాటాక గానీ తనేం చేస్తోందో ఆమెకు తెలియలేదు.

మేస్త్రీకి ఆ అడుగు తెలుసు. వేడెక్కిన గుడ్డ వాసన ఇంకా బాగా తెలుసు. గోడవైపు ఒత్తిగిలి, బనియను తనే పైకి లాక్కున్నాడు. ఎముకలు తేలిన వీపు. మెడ కింద టేపు వేసిన తెల్ల పట్టీ. ఎదురుచూస్తున్న వీపుకు మొహం లేకపోయినా అన్నీ కనిపిస్తాయి. అది అడుగుతోంది, అడగడానికి సిగ్గుపడుతోంది, ముందే రుణపడిపోతోంది.

ఆమె మంచం దగ్గర నిలబడింది. చేతులు కాలుతున్నాయి. ఎవరూ చూడటం లేదు. ఎవరైనా అడిగితే అతుకు లేచింది, అదిమానని చెప్పొచ్చు. ఎలాగూ తప్పంతా ఆమె చేతిదేనని అందరూ అనుకుంటున్నారు కదా.

పెద్దమ్మ నేల మీద కూలబడి, మోకాళ్లు ముడుచుకుని, ఆ గుడ్డ తన మోకాలి మీద పరుచుకుంది.

మంచం మీద ఊపిరి బిగపట్టి ఉన్న వీపు కాసేపు అలాగే ఉంది. తర్వాత వణికింది.

"ఎక్కడ పెట్టావే?"

"నా మోకాలికి."

"నీకేం నొప్పే?"

ఆమె గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది.

"అది నాది" అన్నాడు మేస్త్రీ. గొంతులో కోపం కూడా మిగల్లేదు. "ఆ గుడ్డ నాది."

"నీదే. చల్లారాక ఇస్తాను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. గుడ్డలోని వేడి మోకాలిలోకి దిగింది. ఆమెకు నొప్పేమీ లేదు కాబట్టి ఏమీ తగ్గలేదు. వేడి సన్నగిల్లి, గోరువెచ్చనై, చివరికి ఉట్టి గుడ్డయ్యింది. అప్పుడు లేచి, దాన్ని సరిగ్గా మడిచి, అంచు అంచుకు కలిపి, ఆయన చేతికి అందించింది.

ఆయన తీసుకున్నాడు. బుగ్గకు ఆనించుకుని చూశాడు.

"శవంలా ఉంది" అన్నాడు.

గుడ్డ మాత్రం తిరిగి ఇవ్వలేదు.